ఎర్రగడ్డ నాలుగు నెలలు, చీనీ ఐదేళ్లు

కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ) ధర పడిపోయిన ఏడాది, కోతకొచ్చిన చేలల్లో గొర్రెలు మేస్తుంటాయి. చూసేవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. రైతు కోపంతో పంటను వదిలేశాడని అనుకుంటారు. కోపం ఉంటుంది, కానీ ఆ నిర్ణయం వెనక తప్పులేని లెక్క కూడా ఉంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. విత్తనం, దుక్కి, ఎరువు, మందు, కలుపు అన్నీ కలిపి క్వింటాకు 600 రూపాయలు అయిపోయాయి. ఇక గడ్డ పీకి, ఆకు కోసి, సంచులకెత్తి, లారీ బాడుగ, హమాలీ కట్టి యార్డుకు చేర్చాలంటే ఇంకో 400 కావాలి. యార్డులో 500 పలికితే మొత్తం మీద క్వింటాకు 500 నష్టం. అయినా పీకాల్సిందే, ఎందుకంటే కొత్తగా పెట్టే 400 పోను 100 చేతికొస్తుంది. అదే 350 పలికితే, పీకిన ప్రతి క్వింటాకూ ఇంకో 50 చేతినుంచి పడుతుంది. అప్పుడు గొర్రెలకు వదలడమే మేలు. మొదట పెట్టిన 600 ఎటూ తిరిగిరాదు కాబట్టి, ఈ నిర్ణయంలో దానికి చోటు లేదు.

మరి ధర అంత లోతుకు ఎందుకు పడుతుంది? దీనికి జవాబు వంటింట్లోనే ఉంది. మనిషి అవసరాలను అత్యవసరాలు, సౌకర్యాలు, విలాసాలు అని విడదీస్తారు. బియ్యం, ఉప్పు, ఎర్రగడ్డ మొదటి రకం. ఎర్రగడ్డ కిలో 40 నుంచి 10కి దిగిందని ఎవరూ పప్పులో నాలుగింతలు వేయరు. 80కి ఎక్కినా తాలింపుకు ఒక గడ్డైనా కోస్తారు. ధర మారినా వాడకం పెద్దగా మారని ఇలాంటి సరుకుది అవ్యాకోచ డిమాండ్. పట్టుచీర అలా కాదు, ధర పెరిగితే వచ్చే పండక్కి వాయిదా పడుతుంది. రాబడి పెరిగేకొద్దీ తిండికి పోయే వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో గమనించినదీ దీనికి దగ్గరి సంగతే.

వాడకం కదలనప్పుడు సర్దుబాటు భారమంతా ధర మీదే పడుతుంది. దీనికి పాత లెక్క ఒకటుంది. గణాంకవేత్త గ్రెగరీ కింగ్ పేరుతో నిలిచిన ఒక పట్టికను ఆర్థిక రచయిత చార్లెస్ డావెనంట్ 1699లో ఇంగ్లండులో అచ్చువేశాడు. పంట పదోవంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది, పదింట రెండు వంతులు తగ్గితే ఎనిమిది వంతులు పెరుగుతుంది అని అందులో ఉంది. అది గోధుమ గురించి వేసిన లెక్క. అంకెలు సరుకును బట్టి మారతాయి గానీ దిశ మారదు: తిండిగింజల్లో కొరత చిన్నదైనా ధర ఎగబాకడం పెద్దది. మిగులు వచ్చినప్పుడు పతనమూ అంతే.

ఇప్పుడు దీనికి కాలం కలపాలి. ఎర్రగడ్డ నాటిన నాటి నుంచి చేతికి రావడానికి దాదాపు నాలుగు నెలలు. జూన్, జూలైల్లో విత్తే రైతు ముందున్న సమాచారం ఏమిటి? పోయిన పంట ధర. యార్డుకు రోజుకు 100 లారీలు వస్తే కిలో 20 అనుకోండి. వాన దెబ్బకు 90 లారీలే వచ్చాయి, ధర 26కి పోయింది. అది చూసి ఊరూరా సాగు పెరిగింది. వచ్చే ఏడు 120 లారీలు దిగాయి. అదే నిష్పత్తిలో చూస్తే ధర 8 రూపాయలు. చేతులు కాలినవాళ్లు ఆ మరుసటేడు పత్తికో కందికో మారారు, 80 లారీలే వచ్చాయి, కింగ్ పట్టిక ప్రకారం ధర 36. ఈ ఊపును కాగితం మీద గీస్తే గీతలు సాలెగూడులా అల్లుకుంటాయి. అందుకే ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ 1934లో దీనికి సాలెగూడు సిద్ధాంతం అని పేరు పెట్టాడు. ధరకు రైతులు స్పందించే తీరు కొనేవాళ్ల స్పందన కంటే పెద్దదైతే ఊపు పెరుగుతూ పోతుంది, చిన్నదైతే నెమ్మదిస్తుంది. అవ్యాకోచ సరుకులో కొనేవాళ్లు కదలరు కాబట్టి ఎర్రగడ్డ మొదటి రకానికే దగ్గర.

రైతులు అనుభవం నుంచి నేర్చుకోరా అని అడగడం న్యాయమే. 1961లో ఆర్థికవేత్త జాన్ మూత్ అడిగింది అదే: ఊపు ఇంత క్రమంగా ఉంటే అందరూ ముందే పసిగట్టి, ఎదురు నడిచి, దాన్ని చదును చేసేయాలి కదా? కానీ ఎర్రగడ్డ విషయంలో ఒక్కో రైతుకు పక్క తాలూకాలో ఎంత విత్తారో తెలియదు. ఎర్రగడ్డ బాగా పండే మహారాష్ట్ర నాసిక్ వైపు వాన ఎలా పడుతుందో, ఎగుమతి ఆపుతారో లేదో అంతకన్నా తెలియదు. 2023 ఆగస్టులో ఎగుమతిపై 40 శాతం సుంకం, డిసెంబరు 8న పూర్తి నిషేధం, 2024 మే 4న నిషేధం ఎత్తివేత, 2025 ఏప్రిల్ 1న సుంకం రద్దు. ఇరవై నెలల్లోపే ఇన్ని మలుపులు. ధర ఎగిరాక తీసుకున్న నిర్ణయం, విత్తేసిన రైతును కోతకాలంలో తగులుకుంటుంది.

జనం పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ధర బాగున్న ఏడు తర్వాత విత్తనం ధర, కౌలు, కూలి కూడా పెరుగుతాయి. ఎక్కువ ఖర్చుతో పండించిన పంటే తక్కువ ధరకు పోతుంది. దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది.

దాచుకుని అమ్మితే? రబీ ఎర్రగడ్డను అలా దాచొచ్చు. ఆకులు వాలాక పీకి, గడ్డలకు ఎండ తగలకుండా ఆకులే కప్పి మూడు నాలుగు రోజులు చేలో ఆరనిచ్చి, మెడ రెండు సెంటీమీటర్లు వదిలి కోసి, నీడలో ఆరబెట్టి గాలాడే పందిట్లో పోస్తే నాలుగైదు నెలలు నిలుస్తుంది. కర్నూలు ఖరీఫ్ గడ్డ వానల్లో ఊరుతుంది. మెడ లావు, ఆరదు. మెడ సందునుంచి కుళ్లు దిగుతుంది, లేకుంటే మొలక వస్తుంది. పక్కా గోదామైనా ఈ గడ్డను ఎక్కువ కాలం కాపాడలేదు. పరిష్కారం గోదాములే అనేవాళ్లు ముందు ఏ కాలపు గడ్డో అడిగి మాట్లాడాలి.

అనంతపురం చీనీ (బత్తాయి) తోటకొస్తే ఇదే ఊపు సాగదీసినట్టుంటుంది. అంటు మొక్క నాటాక కాపు మొదలయ్యేది నాలుగో ఐదో ఏట. మంచి ధర చూసి ఈ ఏడు నాటినవాడి కాయ ఐదేళ్ల తర్వాతి ధరను ఎదుర్కొంటుంది. ఎర్రగడ్డ రైతు ఒక్క పంటలో వెనక్కి తగ్గగలడు, చీనీ రైతు తగ్గలేడు. కరువులో బోరు ఎండితే ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకుంటారు. ఆ ఏడు కాయ ధరతో పోలిస్తే అది దండగ ఖర్చులా కనిపిస్తుంది. కానీ చీనీ కాయ నేరుగా వాడుకునే వినియోగ వస్తువు, చెట్టు వేరే సరుకును పుట్టించే ఉత్పాదక వస్తువు. చెట్టు ఎండితే పోయేది ఒక పంట కాదు, మళ్లీ ఐదేళ్ల కాలం.

ఈ విభజన వస్తువులో ఉండదు, వాడకంలో ఉంటుంది. బుడ్డలనే (వేరుశనగ) చూడండి. గానుగకు పోతే ముడిసరుకు, ఉడకబెట్టి తింటే వినియోగ వస్తువు, విత్తనానికి అట్టిపెడితే పెట్టుబడి. ఎకరాకు 60 కిలోల పైచిలుకు గింజలు కావాలి. వాటిని కాయగానే దాచి, విత్తే ముందు వొలుస్తారు, ముందే వొలిస్తే మొలక శాతం పడిపోతుంది. కరువు ఏడాది అప్పు తీర్చడానికి ఆ కాయల్ని అమ్మితే ఇల్లు గడుస్తుంది గానీ వచ్చే ఏటి ఉత్పత్తి అప్పుడే తగ్గిపోయినట్టే.

ఉత్పాదక వస్తువుల దగ్గర ఊపు ఎంత పెద్దదవుతుందో తాడిపత్రి బండల యూనిట్లతో తెలుస్తుంది. పదేళ్లు పనిచేసే పాలిష్ మిషన్లు పది ఉన్నాయనుకోండి. ఏటా ఒకటి మార్చాలి, అంటే ఏడాదికి ఒక ఆర్డరు. ఇళ్లు కట్టడం పెరిగి బండలకు గిరాకీ పదిశాతం పెరిగితే 11 మిషన్లు కావాలి. పాతది మార్చడానికి ఒకటి, అదనంగా ఒకటి, రెండు ఆర్డర్లు. పదిశాతం గిరాకీకి మిషన్ల ఆర్డర్లు నూరు శాతం పెరిగాయి. మరుసటేడు గిరాకీ అక్కడే నిలిచిందనుకోండి, తగ్గలేదు. అయినా ఆర్డర్లు మళ్లీ ఒకటికి, సగానికి పడతాయి. గిరాకీ పదిశాతం తగ్గితే ఆర్డరే ఉండదు. అమెరికా ఆర్థికవేత్త జాన్ మారిస్ క్లార్క్ 1917లో వివరించిన వేగత్వరణ సూత్రం ఇదే. మిషన్లు చేసేవాడి పనివాళ్లకు జీతం ఆగితే వాళ్లు ఇల్లు కట్టడం ఆపుతారు, బండల గిరాకీ ఇంకా పడుతుంది. వ్యాపార చక్రంలో విస్తరణ, శిఖరం, మాంద్యం, కోలుకోవడం అని పాఠ్యపుస్తకాలు చెప్పే దశలకు ఈ గొలుసు ఒక కారణం.

మన దేశంలో మరో కారణం కూడా చాలాకాలం బలంగా పనిచేసింది. 2020-21కి ముందు స్వతంత్ర భారతంలో జీడీపీ తగ్గిన ఏళ్లు 1957-58, 1965-66, 1972-73, 1979-80. నాలుగూ వాన సరిగా కురవని ఏళ్లే. సీమ రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

విత్తే ముందు చూడాల్సింది పోయినేటి ధర ఒక్కటే కాదు. విత్తనాల అంగడిలో ఎర్రగడ్డ విత్తనం ఎంత పలుకుతోంది, దొరుకుతోందా? నారు కోసం ఊళ్లో వెతుకులాట ఎలా ఉంది? నాసిక్ వైపు పందిళ్లలో రబీ గడ్డ ఇంకా ఎంత మిగిలింది? విత్తనం ధర పోయినేటికి రెట్టింపై, అంగట్లో మాల్ అయిపోయిందంటే, నాలుగు నెలల తర్వాత యార్డుకు రాబోయే లారీల లెక్క అప్పుడే మొదలైనట్టు.