జర్మన్ విశేషణాలు: అసలు చిక్కు ఎండింగ్స్‌లో లేదు

నేను తెలుగువాళ్ళకి జర్మన్ నేర్పుతాను. ఎ1 (మొదటి స్థాయి) హాయిగా దాటేసినవాళ్ళు కూడా విశేషణాల దగ్గరికి వచ్చేసరికి డీలా పడిపోతారు. పాఠం మొదలవకముందే, విశేషణం చివర చేరే అక్షరాల గురించి, అంటే ఎండింగ్స్ గురించి, ఎవరో ఒకరు భయపెట్టి ఉంటారు.

అపోహ: తెలుగులో విశేషణం మారదు, కాబట్టి ఇది మనకి బొత్తిగా కొత్త.

సగమే నిజం. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు, ఇక్కడ ‘మంచి’ మారదు. అదే వాక్యం చివరికి వస్తే? అబ్బాయి మంచివాడు, అమ్మాయి మంచిది, పిల్లలు మంచివాళ్ళు. జర్మన్ సరిగ్గా దీనికి తిరగేత. ‘కారు ఎర్రగా ఉంది’ అనడానికి డాస్ అవుటో ఇస్ట్ రోట్, చివరనున్న రోట్ ఎప్పుడూ మారదు. అదే రోట్ నామవాచకం ముందుకు వస్తే ఐన్ రోటెస్ అవుటో, ‘ఒక ఎర్ర కారు’.

అపోహ: 48 గళ్ళు బట్టీ పట్టాలి.

పుస్తకాల్లో మూడు పట్టికలు, ఒక్కోదాంట్లో 16 గళ్ళు (నాలుగు విభక్తుల్లో మూడు లింగాలు, బహువచనం) ఉండే మాట నిజమే, కానీ వాటన్నిటిలో తిరిగే ఎండింగ్స్ ఐదే: ఎ, ఎన్, ఎర్, ఎస్, ఎమ్. పట్టిక పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ నామవాచకం లింగం, విభక్తి ముందున్న ఆర్టికల్ (డెర్, డీ, డాస్, ఐన్ లాంటి మాట) చెప్పేసిందా? చెప్పేస్తే విశేషణానికి పెద్ద పని లేదు. డెర్ క్లైనె హుంట్, ‘ఆ చిన్న కుక్క’. పుంలింగమని డెర్ చెప్పేసింది, ఎ చాలు. ఐన్ క్లైనర్ హుంట్ అన్నప్పుడు ఐన్ పుంలింగానికీ నపుంసకలింగానికీ ఒకటే కాబట్టి, ఆ సంగతి చెప్పే బాధ్యత విశేషణం మీద పడి, డెర్‌లో ఉన్న ‘ర్’ వచ్చి దానికి అంటుకుంటుంది. ‘చల్లటి నీళ్ళతో’ అనాలంటే మిట్ కాల్టెమ్ వాసర్, అది ఈ విభక్తిలో డాస్ మారిన రూపమైన డెమ్‌లోని ‘మ్’. ఆ డెమ్‌నే పెట్టేస్తే మిట్ డెమ్ కాల్టెన్ వాసర్. డెర్, డీ, డాస్ తర్వాతైతే 16 చోట్లలో 11 చోట్ల ఎన్, మిగిలిన 5 చోట్ల ఎ, అంతే. షష్ఠిలో మాత్రం ఆర్టికల్ లేని పుం, నపుంసక లింగాలకి ఎస్ బదులు ఎన్ వస్తుంది, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి.

అందుకే మా క్లాసులో ‘హుంట్’ అని ఊరికే చెప్పనివ్వను, ‘డెర్ హుంట్’ అనాల్సిందే. ఎండింగ్స్ రావట్లేదని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి నిజానికి రానిది పదం లింగం.

అపోహ: ప్రతి విశేషణానికీ ఎండింగ్ ఉండాలి.

రోజా, లీలా లాంటి రంగుల పేర్లు మారవు. ఐన్ రోజా క్లైట్, అంటే గులాబీ రంగు గౌను.

అపోహ: తప్పు పోతే అర్థం కాదు, అన్నీ వచ్చేదాకా నోరు విప్పకూడదు.

దయచేసి ఇలా ఆగిపోకండి. ఎండింగ్ తప్పినా ఎదుటివాళ్ళకి మీ మాట అర్థమవుతుంది. రాతలో మాత్రం జాగ్రత్త పడండి, ముఖ్యంగా ఉద్యోగానికి రాసే ఉత్తరం మొదటి లైనులో: మగవారికి జేర్ గెఏర్టర్ హెర్, ఆడవారికి జేర్ గెఏర్టె ఫ్రావ్.

ఇంకా టెన్షన్‌గా ఉంటే మొదటి రోజు నేర్చుకున్న పలకరింపులు చూడండి. మోర్గెన్ పుంలింగం, ‘నీకు శుభోదయం కోరుతున్నాను’ అన్నప్పుడు అది కర్మ, కర్మకి డెర్ కాస్తా డెన్ అవుతుంది, ఆ డెన్‌లోని ‘న్’ వచ్చి గూటెన్ మోర్గెన్ అయింది. నాఖ్ట్ స్త్రీలింగం కాబట్టి గూటె నాఖ్ట్. ఈ రెండూ మీరు ఇన్నాళ్ళూ తప్పు లేకుండానే అంటున్నారు.