రష్యా పురిటి ఆసుపత్రుల తలుపులు ఎలా తెరుచుకున్నాయి

సోవియట్ కాలం నాటి రష్యాలో ఇంట్లో కాన్పు అరుదు. పట్నాల్లో ‘రొద్దోమ్’ అనే పురిటి ఆసుపత్రి, గర్భిణులను నెలనెలా చూసే ప్రత్యేక క్లినిక్, పల్లెల్లో ఫెల్డ్‌షర్ (వైద్య సహాయకుడు), మంత్రసాని కలిసి నడిపే చిన్న కేంద్రం ఉండేవి. డాక్టర్లకు కొరత లేదు, మంచాలకూ లేదు. చిక్కంతా రొద్దోమ్ నడిచే పద్ధతిలోనే ఉంది.

అంటురోగాల భయం ఆ పద్ధతికి పునాది. భర్తను లోపలికి రానిచ్చేవారు కాదు. పుట్టిన బిడ్డను చేతులు కదలకుండా పొత్తిళ్లలో బిగించి వేరే గదికి తీసుకుపోయేవారు. మూడు గంటలకోసారి పాలకు తెచ్చేవారు, రాత్రి ఆరు గంటలు తెచ్చేవారే కాదు. మధ్యలో బిడ్డ ఏడిస్తే గ్లూకోజు నీళ్లో డబ్బా పాలో పట్టేవారు. పాలు తాగకముందు, తాగాక తూకం వేసేవారు. ఇక్కడే దెబ్బ తగిలేది. గ్లూకోజుతో కడుపు నిండిన బిడ్డ రొమ్మును గట్టిగా చీకడు. చీకకపోతే పాలు దిగవు. తూకంలో తేడా కనబడదు కాబట్టి ‘తల్లికి పాలు చాలవు’ అని రాసి మళ్లీ సీసా ఇచ్చేవారు. పైగా శిశువులందరినీ ఒకే గదిలో ఉంచడంతో సిబ్బంది చేతుల మీదుగా ఆసుపత్రి సూక్ష్మజీవులు ఒకరి నుంచి ఒకరికి పాకేవి. తల్లి ఒంటి మీది సూక్ష్మజీవులు, ముర్రుపాలలోని రక్షణ ముందుగా అందాల్సిన బిడ్డకు అవి అందేవి కావు. అంటురోగాలను ఆపడానికి పెట్టిన ఏర్పాటే వాటికి దారి చేసింది.

సోవియట్ యూనియన్ కూలిన నాటికి లెక్కలు బాగా లేవు. 1990లో రష్యాలో లక్ష సజీవ జననాలకు 47 మంది తల్లులు చనిపోయారు. 1993లో వెయ్యి మంది శిశువుల్లో దాదాపు 20 మంది ఏడాది నిండకుండానే పోయారు. గర్భనిరోధక సాధనాలు దొరక్క, ఒక కాన్పుకు రెండు గర్భస్రావాల చొప్పున జరిగేవి. తర్వాతి కానుపుల్లో రక్తస్రావానికి, నెలలు నిండని పుట్టుకలకు వాటి పాత్రా ఉంది.

1992 నుంచి అమెరికన్ ఇంటర్నేషనల్ హెల్త్ అలయన్స్ అమెరికా, రష్యా ఆసుపత్రులను జతకట్టడం మొదలుపెట్టింది. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ప్రారంభించిన ‘శిశు స్నేహ ఆసుపత్రి’ కార్యక్రమం కూడా రష్యాకు చేరింది. అయితే అసలు మలుపు 1997 నవంబరులో రష్యా ఆరోగ్య శాఖ ఇచ్చిన 345వ నంబరు ఉత్తర్వు అని చెప్పాలి. తల్లీబిడ్డలను ఒకే గదిలో ఉంచడానికి అది అనుమతిచ్చింది. పారిశుద్ధ్య తనిఖీ అధికారికి జవాబు చెప్పుకోవాల్సింది ఆసుపత్రి పెద్ద డాక్టరు. చేతిలో కాగితం లేకుండా ఆయన ఏదీ మార్చడు. విదేశీ నిపుణులు ఎంత బాగా నేర్పినా అంతే.

1999లో అమెరికా ప్రభుత్వ సంస్థ యుఎస్‌ఎయిడ్ నిధులతో, జాన్ స్నో సంస్థ నిర్వహణలో ‘మహిళలు, శిశువులు’ ప్రాజెక్టు వెలీకి నోవ్‌గొరోద్, పెర్మ్‌లలో మొదలై 2003 దాకా సాగింది. తర్వాతి ప్రాజెక్టు దాన్ని మరెన్నో ప్రాంతాలకు విస్తరించింది. యంత్రాలు పంచడం కన్నా అలవాట్లు మార్చడం మీదే ఈ పని నిలబడింది: కుటుంబం తోడుగా కాన్పు, తల్లిపాలు మాత్రమే, గర్భస్రావం తర్వాత కుటుంబ నియంత్రణ సలహా. మంత్రసాని నేర్చుకుని డాక్టరు నేర్చుకోకపోతే మర్నాటి డ్యూటీలో పాత పద్ధతే నడుస్తుంది. అందుకే డాక్టరు, మంత్రసాని, శిశువైద్యుడు కలిసి నేర్చుకోవడం ఇలాంటి శిక్షణకు ప్రాణం.

ఉదాహరణకు, పుట్టిన బిడ్డ చల్లబడకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ‘వెచ్చదనపు గొలుసు’నే చూడండి. కాన్పు గది కనీసం 25 డిగ్రీలు ఉండాలి, కిటికీ గాలి తగలకూడదు. రెండు పొడి గుడ్డలు ముందే వెచ్చబెట్టుకోవాలి. మొదటి దానితో తల, ఒళ్లు తుడిచి ఆ తడి గుడ్డ తీసేయాలి. బిడ్డను తల్లి ఛాతీ మీద ఒళ్లూ ఒళ్లూ తగిలేలా పడుకోబెట్టి, రెండో గుడ్డ కప్పి, టోపీ పెట్టాలి. తూకం, స్నానం తర్వాత. తప్పు ఎక్కువగా జరిగేది తడి గుడ్డ దగ్గరే: దాన్నే కప్పి ఉంచితే తడి ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. చల్లబడిన బిడ్డ ఒళ్లు వేడి చేసుకోవడానికి చక్కెరను, ఆక్సిజన్‌ను ఖర్చు చేసి, చీకే ఓపిక లేక నీరసిస్తాడు. రష్యాలో దీనికి తోడు, కాన్పయ్యాక తల్లి పొత్తికడుపు మీద మంచు సంచి పెట్టే ఆనవాయితీ ఉండేది. బిడ్డను పడుకోబెట్టాల్సిన చోటికి ఆనుకునే అది ఉండేది. గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ 10 యూనిట్ల ఇంజెక్షన్ ఉండగా దాని అవసరం లేదు.

ఉత్తరాన నార్వే తోడ్పాటు మరో తీరుది. ట్రోమ్సో విశ్వవిద్యాలయంతో కలిసి మూర్మాన్స్క్ ప్రాంతం 2006లో జనన రిజిస్టరు పెట్టింది, అర్ఖాంగెల్స్క్ 2012లో. ప్రతి కాన్పు వివరాలూ ఒకే నమూనాలో నమోదైతేనే ఎక్కడ, ఎందుకు నష్టం జరుగుతోందో తెలుస్తుంది. ఈ పనికి పేరు రాకపోవచ్చు గానీ, నా లెక్కలో ఖరీదైన ఇంక్యుబేటరు కన్నా ఎక్కువ కాలం ఉపయోగపడేది ఇదే.

2006లో రష్యా తన డబ్బుతో ‘జనన సర్టిఫికెట్’ తెచ్చింది. ఇది పుట్టుక నమోదు పత్రం కాదు, వైద్యానికి చెల్లింపు పత్రం. గర్భిణి ఎంచుకున్న క్లినిక్‌కు 2,000 రూబుళ్లు, పురిటి ఆసుపత్రికి 5,000 అందేవి. మరుసటి ఏడాది అవి 3,000, 6,000 అయ్యాయి. తండ్రి కాన్పు గదిలో ఉండే హక్కు 2011 ఆరోగ్య చట్టంలోకి ఎక్కింది. ఉచితమే, కాకపోతే విడి కాన్పు గది ఉండాలి. 2012 అక్టోబరులో రష్యా కోరిక మేరకు యుఎస్‌ఎయిడ్ వెళ్లిపోయింది. అదే ఏడాది 22 వారాలు, 500 గ్రాముల నుంచి పుట్టుకలను లెక్కించడం మొదలైంది. అంతకుముందు వెయ్యి గ్రాముల లోపు బిడ్డ ఏడు రోజులు బతికితేనే లెక్కలోకి వచ్చేది. అందుకే శిశు మరణాల రేటు వెయ్యికి 7.4 నుంచి 8.6కు పెరిగింది. దాన్ని వైద్యం దిగజారడంగా చదవకూడదు. 2019కి అది 4.9కి, తల్లుల మరణాలు లక్షకు 9కి దిగాయి. ఇందులో విదేశీ ప్రాజెక్టుల వాటా ఇంతని విడదీయలేం.

2012లోనే వచ్చిన ఆరోగ్య శాఖ 572ఎన్ ఉత్తర్వు ఆసుపత్రులను మూడు అంచెలు చేసి, ప్రమాదం ఉన్న గర్భిణులను పెద్ద పెరినేటల్ (కాన్పు, నవజాత శిశు వైద్య) కేంద్రాలకు పంపమంది. నెలలు నిండని బిడ్డకు ఇది మేలే. కానీ చిన్న పట్నాల రొద్దోమ్‌లు మూతపడిన చోట్ల, నొప్పులొచ్చిన ఆడమనిషి మంచు దారిలో గంటల తరబడి ప్రయాణించాలి. సైబీరియాలోని యాకూతియా లాంటి చోట విమానమే దిక్కు. అందుకే అక్కడ గర్భిణిని కాన్పు తేదీకి ముందుగానే కేంద్రానికి రప్పించి, దగ్గర్లో ఉంచుకోవాల్సి వస్తుంది.