శిక్షలు నిజంగానే తేలికా? అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదించే మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: "నేరం చేసినవాడు దర్జాగా తిరుగుతున్నాడు, మీ చట్టం ఏం చేస్తోంది?" ఆ ఆవేదనలో న్యాయముంది; అయితే లోపం చాలావరకు శిక్షలో కాదు, శిక్షదాకా చేరకముందు జరిగే వ్యవహారంలో ఉంది.

అపోహ: బెయిల్ వచ్చిందంటే కేసు పోయినట్టే.

వాస్తవం: వాయిదాలకు హాజరవుతానని పూచీ ఇచ్చి ముద్దాయి బయట ఉండటమే బెయిల్, కేసు ఎక్కడికీ పోదు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు దాఖలు చేయకపోతే, పూచీకత్తు ఇవ్వగలిగిన ముద్దాయిని విడుదల చేయడం తప్ప మేజిస్ట్రేటుకు గత్యంతరం లేదు. జనం తిట్టుకునేది ఆయననే గాని, గడువు దాటించింది దర్యాప్తు. మరోవైపు, దేశంలోని ఖైదీల్లో నలుగురికి దాదాపు ముగ్గురు ఇంకా తీర్పు రానివారే. జామీనుకు ఇంటిపన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో పట్టుకొచ్చే దిక్కులేక, బెయిల్ మంజూరైనా లోపలే ఉండిపోయే కూలీలను మేము చూస్తూనే ఉంటాం.

అపోహ: గంజాయి కేసుల్లో నాలుగు రోజులుండి వచ్చేస్తారు.

వాస్తవం: ఒడిశా నుంచి ఇచ్ఛాపురం మీదుగా తెస్తూ 20 కిలోలకు మించి పట్టుబడితే, నేరం రుజువైనప్పుడు కనీస శిక్ష 10 ఏళ్లు, జరిమానా లక్ష రూపాయలు, జడ్జి జాలిపడినా అంతకంటే తగ్గించలేరు. ఛార్జిషీటుకు గడువు 180 రోజులు, బెయిల్ మహా కష్టం. ఇంత కఠినమైన చట్టం కింద కూడా కేసులు వీగిపోవడానికి కారణం తరచూ చిన్నదే. సరుకు పట్టుకున్నచోట సాక్షుల ఎదుట రాసే మధ్యవర్తుల నివేదికలో ఉన్న సీలు ఒకటి, ల్యాబుకు చేరిన పొట్లం మీద సీలు మరొకటి అయితే, పరీక్షించింది ఆ బస్తాలోని సరుకేనని నమ్మమని ఏ కోర్టునూ అడగలేం. పట్టుబడేది కూడా చాలాసార్లు మోతకూలీయే. సరుకు యజమాని పేరు రికార్డులోకే రాదు.

అపోహ: యావజ్జీవమంటే 14 ఏళ్లు, పగలూ రాత్రీ విడివిడిగా లెక్కిస్తారు కనుక అసలు ఏడేళ్లే.

వాస్తవం: రాత్రికి వేరే లెక్క లేనే లేదు. యావజ్జీవమంటే మిగిలిన జీవితమంతా అని 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హత్యవంటి కేసుల్లో నేర విచారణ చట్టం కింద ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేయాలన్నా 14 ఏళ్లు జైల్లో గడవాలి. అప్పుడైనా విడుదల హక్కు కాదు.

అపోహ: వాహనంతో గుద్ది చంపినా జడ్జిలు తక్కువ శిక్ష వేస్తారు.

వాస్తవం: పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యపు మరణానికి గరిష్ఠ శిక్షే రెండేళ్లు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు అది ఐదేళ్లయింది.

అపోహ: కోర్టులు ఉదారంగా కేసులు కొట్టేస్తాయి.

వాస్తవం: సాక్షి లేని కేసులో కోర్టు చేయగలిగింది లేదు. ఉద్దానం ప్రాంతంలో కొట్లాట కళ్లారా చూసినవాడు, విచారణ మొదలయ్యేసరికి చెన్నైలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటాడు. సమన్లు "ఊళ్లో లేరు" అన్న రాతతో తిరిగొస్తాయి. ఈలోగా ఊరిపెద్దలు రాజీ కుదిర్చారంటే, వచ్చిన సాక్షి కూడా బోనులో అడ్డం తిరుగుతాడు. నేర విచారణ ఎలా సాగాలో చెప్పే కొత్త చట్టం, నాగరిక సురక్షా సంహిత, సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే వీలు కల్పించింది. అది పనిచేయాలంటే, వాంగ్మూలం తీసుకున్న రోజునే సాక్షి వాడే ఫోను నంబరును, వలస వెళ్లే చోటి చిరునామాను దర్యాప్తు అధికారి రాసుకోవాలి.