‘పది మందికి మేలు’ అనగానే లెక్క తేలిపోదు: నీతిశాస్త్రంపై అపోహలు - వాస్తవాలు

నల్గొండలో డిగ్రీ పిల్లలకు, గ్రూప్స్, సివిల్స్‌కు తయారయ్యేవాళ్లకు నీతిశాస్త్రం చెప్తుంటాను. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపర్ పెట్టారు. అప్పటి నుంచి బెంథామ్, కాంట్ అనే పాశ్చాత్య తత్వవేత్తల పేర్లు బస్టాండ్ దగ్గర జిరాక్స్ నోట్సుల దాకా వచ్చేశాయి. పేర్లతో పాటు కొన్ని అపోహలూ వచ్చాయి. తరచూ వినిపించేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఉపయోగితావాదం అంటే మెజారిటీ ఎటుంటే అటు.

ఒక పని మంచిదా కాదా అన్నది దానివల్ల అందరికీ కలిగే సుఖం, బాధల మొత్తాన్ని బట్టి తేల్చేది ఉపయోగితావాదం (యుటిలిటేరియనిజం). ఇది చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతి కాదు. సుఖం గానీ బాధ గానీ ఎంత గట్టిది, ఎంతకాలం ఉంటుంది, ఎంత ఖాయం, ఎంత దగ్గర్లో ఉంది, దాని వెనక ఇంకేం వస్తుంది, ఎంతమందిని తాకుతుంది... ఇలా ఏడు కొలతలు పెట్టాడు బెంథామ్, 1789లో. తలల లెక్క ఆ ఏడింటిలో ఒకటి మాత్రమే.

శ్రీశైలం ప్రాజెక్టునే తీసుకోండి. కరెంటు వచ్చింది, సాగునీళ్లు వచ్చాయి, కాదనలేం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కొల్లాపూర్ వైపు ఊళ్లు మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగమిస్తామని 1986లో జీఓ 98 ఇచ్చారు. ఆ జీఓ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లలో కొందరికి జుట్టు నెరిసింది, ఉద్యోగ వయసు దాటిపోయింది. ‘లక్షల మందికి మేలు జరిగింది కదా సార్, యుటిలిటేరియన్‌గా కరెక్టే’ అని పిల్లలు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మరి ఆ ఎదురుచూపును ఏ ఖాతాలో రాశారు? రాయలేదంటే అది ఉపయోగితావాదం తప్పు కాదు, కూడిక తప్పు.

పోనీ, అన్నీ రాసి కూడినా లాభమే తేలిందనుకుందాం. ఫలితం ఎలా ఉన్నా బాధ్యత బాధ్యతే అనే కర్తవ్యవాది, అంటే కాంట్ దారివాడు, అప్పుడు కూడా లేచి నిలబడతాడు. మాట ఇచ్చారు, అది బాకీ. లాభం వచ్చినంత మాత్రాన బాకీ తీరదు.

మన 2013 భూసేకరణ చట్టంలో ఈ రెండు వాదాలూ పక్కపక్కనే కూర్చున్నాయి. ప్రాజెక్టుతో వచ్చే మేలు సామాజిక నష్టాన్ని మించాలన్నది ఒక షరతు. ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం బాధిత కుటుంబాలు ఒప్పుకోవాలన్నది ఇంకోటి. ప్రభుత్వం తన సొంత పనికి తీసుకుంటే మాత్రం ఆ ఒప్పుదల అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో నాకైతే కాంట్ వైపు నుంచి సమాధానం దొరకలేదు.

అపోహ: కాంట్ అంటే రూల్ అంటే రూలే.

రేషన్ షాపు ముందు ఒక ముసలమ్మ నిలబడి ఉంది. జీవితమంతా కలుపు తీసీ, పత్తి ఏరీ వేళ్లు నున్నగా అరిగిపోయాయి. మిషన్ మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. కొంగుతో తుడుచుకుని చూపుడువేలు పెట్టింది, అదీ పడలేదు. ‘నేనేం జేయాలె అవ్వా, మిషన్ తీసుకుంటలేదు, రూల్ ఒప్పుకోదు’ అన్నాడు డీలర్. ఈ డీలర్‌ను కాంటియన్ అని రాసిన జవాబులు నేను బోలెడు దిద్దాను.

కాంట్ పైవాడి హుకుం పాటించమనలేదు. నువ్వు పాటిస్తున్న సూత్రం అందరికీ వర్తించే నియమం కావాలని మనస్ఫూర్తిగా కోరుకోగలవా అని అడిగాడు. ‘వేలిముద్ర అరిగిన మనిషి పస్తుండాలి’ అన్న నియమాన్ని, రేపు తన వేళ్లూ అరుగుతాయని తెలిసిన ఏ డీలర్ కోరుకుంటాడు? కంటిపాప (ఐరిస్) స్కాన్ చేసి చూడటమో, పైవాళ్లకు రాసి పంపడమో అప్పుడు దయ కింద రాదు, పని కింద వస్తుంది. 1961లో జెరూసలేం కోర్టులో నాజీ అధికారి ఐఖ్‌మన్ కూడా తాను కాంట్ చెప్పిన కర్తవ్యం ప్రకారమే బతికానన్నాడు. యూదులను రైళ్లకెక్కించి చావుకు పంపిన మనిషి! ఆదేశాన్నీ కర్తవ్యాన్నీ ఒకటే అనుకుంటే ఎంతదూరం పోతుందో దానికి మించిన ఉదాహరణ నాకు తెలియదు.

అపోహ: ‘వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలి’ అన్నది అచ్చమైన ఉపయోగితావాదం.

వరుడి తాగుడు దాచి పెళ్లి చేశారనుకోండి. పెళ్లి జరిగింది, రెండు కుటుంబాలూ భోజనాలు చేసి వెళ్లాయి. ఆ పిల్ల తర్వాతి ముప్పై ఏళ్లు లెక్కలోకి రాలేదు. బెంథామ్ కొలతల్లో ‘ఎంతకాలం’ అన్న ఒక్కటి చాలు, ఈ సామెత ఓడిపోవడానికి.

కష్టమైన కేసు ఇంకోటుంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఊళ్ల పిల్లలకు సంబంధాలు రావడమే గగనమైన రోజులున్నాయి. అలాంటి ఊరి పిల్ల ఒకామె ఉందనుకోండి, ఆమెకు జబ్బేమీ లేదు. ఫ్లోరోసిస్ అంటువ్యాధి కాదు, వంశపారంపర్యమూ కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. అయినా ఊరి పేరు వినగానే అవతలివాళ్లు లేచిపోతారు. అందుకని పిల్ల మేనమామ ఊరినే సొంత ఊరని చెప్పి పెళ్లిచూపులు జరిపించారు. తప్పా?

ఇక్కడ ఉపయోగితావాది తడబడతాడు. అబద్ధం వల్ల నిజంగా నష్టపోయిందెవరు? కాంట్ తడబడడు, ఆడకూడదనే అంటాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడూ పెళ్లి విషయంలోనూ బొంకొచ్చని బలిచక్రవర్తికి చెప్పిన శుక్రాచార్యుడు ఆయనకు నచ్చడు. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడున్నాడా అని అడిగినా అబద్ధమాడొద్దని 1797లో రాసిన మనిషి. అంతదాకా నేను ఆయన వెంట పోను. కాకపోతే అబద్ధం చెప్పొద్దన్నాడు గానీ, తెలిసిందంతా అప్పజెప్పమని ఆయన ఎక్కడా అనలేదు. అడగని ఊరి పేరు చెప్పకపోవడం వేరు, అడిగితే వేరే ఊరు చెప్పడం వేరు. మా క్లాసులో ఆడపిల్లలు ఈ తేడాను చప్పున పట్టుకుంటారు, మగపిల్లలకు కాస్త టైం పడుతుంది.

అపోహ: అసలు పరీక్షంటే ట్రాలీ సమస్యే.

అదుపు తప్పిన ట్రామ్, పట్టాల మీద అటు ఐదుగురు, ఇటు ఒకరు, దాన్ని ఎటు మళ్లించాలి? 1967లో బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ పెట్టిన చిక్కు ఇది. బుర్రకు మంచి కసరత్తే. కానీ అందులో ఎవరు చస్తారో, ఎవరు బతుకుతారో ముందే రాసిపెట్టి ఉంటుంది. బయట అలా ఉండదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలింది. లోపల దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల దగ్గర ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నల్గొండ పొలాలకు కృష్ణ నీళ్లు తేవాల్సిన సొరంగం అది. లోపలున్నవాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పనికొచ్చినవాళ్లు. సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి రెస్క్యూ బృందాలు, ఇరుకు బిలాలు చేత్తో తవ్వుకుంటూ వెళ్లే ర్యాట్ హోల్ మైనర్లు అందరూ దిగారు. బురద, ఊట నీరు, మళ్లీ కూలుతుందేమోనన్న భయం. రెండు మృతదేహాలు దొరికాయి. చివరి కొద్ది మీటర్లలోకి వెళ్తే వెళ్లినవాళ్లకే ప్రమాదమని ఏప్రిల్‌లో ఆపేశారు.

క్లాసులో ఇది పెడితే వెంటనే రెండు జట్లు అవుతాయి. బతికిలేరని తెలిశాక ఇంకొకరి ప్రాణం పణంగా పెట్టడమెందుకని ఒక జట్టు. ఇంటికి శవమైనా పంపాలి, అది ధర్మమని ఇంకో జట్టు. మొదటివాళ్లు బెంథామ్ తమవాడనీ, రెండోవాళ్లు కాంట్ తమవాడనీ అనుకుంటారు. అదేం కాదు. ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడొద్దన్న కాంట్ మాట రెస్క్యూ మనిషికీ వర్తిస్తుంది. ఉపయోగితావాదికీ ఈ కేసు ఒక శవం, ఒక ప్రాణం లెక్కతో అయిపోదు. లోపల పడ్డవాణ్ని వదిలేస్తారని తెలిస్తే రేపు ఏ కూలీ సొరంగంలోకి దిగుతాడు? ఆ నమ్మకం కూడా తూకంలో పడాలి.

నాకు ఇక్కడ ఎక్కువ ఉపయోగపడేవాడు బ్రిటిష్ తత్వవేత్త డబ్ల్యూ. డి. రాస్. 1930లో ఆయన చెప్పిందేమంటే, రెండు బాధ్యతలు ఢీకొన్నప్పుడు ఓడిన బాధ్యత మాయమైపోదు, దాని బాకీ మిగిలే ఉంటుంది. వెతకడం ఆపాలన్న నిర్ణయం సరైనదే అనుకున్నా పరిహారం, కారణాల విచారణ, ఆ ఇళ్లవాళ్ల ముఖం చూసి సమాధానం చెప్పడం మిగిలిపోతాయి.

అపోహ: జవాబులో రెండు వాదాలూ రాసి చివర ‘మధ్యేమార్గం’ అంటే మార్కులు పడతాయి.

నేనైతే ఆ మాట కనబడగానే కొట్టేస్తాను. సగం ఊరిని ముంచడం మధ్యేమార్గం కాదు. నష్టపోయేదెవరు, వాళ్లను అడిగారా, నిర్ణయం అయ్యాక వాళ్లకు ఇంకా ఏం బాకీ పడ్డాం, ఈ మూడూ రాయమంటాను. మూడోదానికి వచ్చేసరికి టైం చాల్లేదు సార్ అంటారు. మొదటి పేజీలో బెంథామ్ ఎప్పుడు పుట్టాడో రాయకండి, చాలుతుంది.