గుటక పడని గొంతుకు ఇంటి సంరక్షణ

కాలువలకు నీరు వదిలి, బడులు తెరిచిన కొద్ది వారాలకే డెల్టా పల్లెల్లో ఏదో ఒక ఇంట ఈ దృశ్యం కనబడుతుంది. నిన్నటిదాకా కాలువ గట్టున పరుగులు తీసిన పిల్ల అన్నం ముద్ద మింగలేక కంట నీరు పెట్టుకుంటుంది. ఒళ్లు కాలుతూ ఉంటుంది. చెవిలో పోటు అంటుంది. టార్చి వెలుగులో నోరు తెరిపించి చూస్తే కొండనాలుకకు అటూ ఇటూ ఎర్రగా ఉబ్బిన రెండు బొడిపెలు కనిపిస్తాయి. అవే టాన్సిల్స్. కొందరు పెద్దలు వీటినీ గవదలనే అంటారు గాని, గవదబిళ్లలు వేరే జబ్బు. అందులో వాచేవి చెవి కింద, దవడ పక్కన ఉండే లాలాజల గ్రంథులు.

గాలికీ ఆహారానికీ దారి ఒకటయ్యే చోట రోగనిరోధక కణజాలం ఉంగరంలా అమరి ఉంటుంది. 1884లో జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వాల్డేయర్ దానిని వర్ణించాడు. టాన్సిల్స్ ఆ ఉంగరంలో భాగం. వాటి పైపొరలో సన్నని లోతైన గుంతలు ఉంటాయి. నోటి గుండా వచ్చిన సూక్ష్మజీవులు ఆ గుంతల్లో చిక్కుకుంటే, లోపలి తెల్లరక్తకణాలు వాటిని గుర్తుపట్టి తమ సంఖ్యను పెంచుకుంటాయి, రక్తనాళాలు వెడల్పవుతాయి, చుట్టూ ద్రవం చేరుతుంది. మనం వాపు అంటున్నది ఆ పోరాటాన్నే. గొంతుకూ చెవికీ ఒకే నరం శాఖలు వెళ్లడం వల్ల, చెవిలో ఏ జబ్బూ లేకపోయినా పిల్ల చెవినే చూపిస్తుంది.

గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. అవి వారం రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. యాంటీబయాటిక్‌కు అక్కడ పని లేదు. కాబట్టి ఇంట్లో మనం చేయగలిగింది రోగాన్ని చంపడం కాదు, శరీరం దానిని గెలిచేదాకా పిల్ల బాధను తగ్గించడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, ప్రమాద చిహ్నాలను కనిపెట్టి ఉండడం. ఈ మూడింటిలో చివరిదే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ఉప్పునీటి పుక్కిలింతతో మొదలుపెడదాం. మన శరీర ద్రవాల్లో లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పుకు సమానమైన లవణసాంద్రత ఉంటుంది. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు కలిపితే అంతకు కొద్దిగా ఎక్కువ సాంద్రత వస్తుంది. వాచిన పొర నుంచి కొంత నీరు బయటికి లాగబడుతుంది, అంటుకున్న చీము, కఫం వదులవుతాయి. ఎంత ఎక్కువ వేస్తే అంత గుణమని గుప్పెడు కళ్లుప్పు కలపడం వల్ల గొంతు ఎండి మరింత మండుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములు ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ ఉప్పదనం వాచిన గొంతుకు తగదని తెలుస్తుంది. పుక్కిలింత పైపొరనే తాకుతుంది గాని కణాల లోపలి వైరస్‌ను చేరదు. ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి పుక్కిలించి ఉమ్మడం రాదు, వారిని బలవంతపెట్టకూడదు.

అసలు శ్రద్ధ పెట్టవలసింది తాగించడం మీద. మింగితే నొప్పి, నొప్పికి భయపడి తాగకపోవడం, తాగకపోతే గొంతు ఎండి నొప్పి పెరగడం, ఇదొక వలయం. కోనసీమలో కొబ్బరి బొండానికి కొదవ లేదు; సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో తయారయ్యే సగ్గుబియ్యంతో పలుచగా జావ కాస్తే గొంతులో జారిపోతుంది. గంజి, మజ్జిగ, మెత్తగా పిసికిన పెరుగన్నం మంచివే. ఆవకాయ, మాగాయ, జంతికలు మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టాలి, పులుపూ కారమూ మండిస్తాయి, గట్టివి గీరుకుంటాయి. చల్లనివి తగిలితే టాన్సిల్స్ వస్తాయన్న నమ్మకం మనలో బలంగా ఉంది. వాపు తెచ్చేది సూక్ష్మజీవి. చల్లదనం నరాలను కాస్త మొద్దుబార్చి నొప్పిని తగ్గిస్తుంది కూడా. పిల్ల ముంజలు గాని, చల్లని పాలు గాని హాయిగా మింగగలిగితే కాదనడానికి కారణం లేదు. తేనె గొంతుకు మెత్తదనాన్ని ఇస్తుంది. అయితే ఏడాది నిండని బిడ్డకు చుక్క కూడా నాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన విషప్రభావం కలగవచ్చు.

జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ చాలు. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఒక మోతాదు, మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 గంటలు, రోజుకు 4 సార్లకు మించకుండా ఇవ్వాలి. 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండే సీసాలూ ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి; సీసా మీది అంకె చదవకుండా మూతతో కొలిచి పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

వేలికి ఉప్పో పసుపో అద్ది టాన్సిల్‌ను నొక్కించే అలవాటు ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. అది పుండును రేపి నెత్తురు చూపిస్తుంది తప్ప నయం చేయదు. సున్నం, పసుపు కలిపి మెడ మీద పట్టు వేస్తే లేత చర్మం కాలుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఇక స్ట్రెప్టోకాకస్ సంగతి. పిల్లల గొంతు నొప్పుల్లో సుమారు 20 నుంచి 30 శాతం దాకా గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వస్తాయి. దగ్గూ జలుబూ లేకుండా హఠాత్తుగా జ్వరం, దవడ కింద నొప్పెట్టే బిళ్లలు, టాన్సిల్ మీద తెల్లని మచ్చలు ఉంటే దానిని అనుమానించాలి. నిర్ధారణ గొంతు పరీక్షతోనే. దీనికి మందు పడకపోతే, గొంతు బాగుపడ్డ రెండు మూడు వారాలకు కొందరు పిల్లల్లో, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల వారిలో, రుమాటిక్ జ్వరం వస్తుంది. బాక్టీరియాపై తయారైన రక్షణ సొంత కీళ్ల మీదికీ గుండె కవాటాల మీదికీ తిరుగుతుంది; కీళ్ల నొప్పి పోతుంది, కవాటానికి పడిన దెబ్బ జీవితాంతం ఉండిపోవచ్చు. జబ్బు మొదలైన 9 రోజుల లోపు పెన్సిలిన్ వర్గపు మందు మొదలుపెడితే దీనిని నివారించవచ్చు. అంటే తొలి సాయంత్రమే ఆదరాబాదరాగా సూది వేయించనక్కరలేదు, అలాగని రోజులు గడిచిపోనివ్వనూ కూడదు. వైద్యుడు 10 రోజులు మాత్రలు రాస్తే, మూడో రోజుకే గొంతు తేలికైనా 10 రోజులూ వాడాలి. మిగిలిన మాత్రలు దాచి మరో పిల్లకు వేయకూడదు.

కొన్ని చిహ్నాలకు మాత్రం ఇంటి వైద్యం ఆపేసి ఆసుపత్రికి కదలాలి. సొంత ఉమ్ము మింగలేక చొంగ కార్చడం, ఊపిరి తీస్తుంటే శబ్దం, నోరు తెరుచుకోకపోవడం, ఒక పక్కే ఉబ్బి కొండనాలుక రెండో పక్కకు తోసుకుపోవడం, 8 గంటలుగా మూత్రం రాకపోవడం, మూడు రోజులు దాటినా దిగని జ్వరం అలాంటివి. గొంతులో బూడిదరంగు పొర కనిపిస్తే కంఠసర్పి (డిఫ్తీరియా) కావచ్చు, గీకరాదు. 6, 10, 14 వారాల టీకాలతో పాటు ఒకటిన్నర, ఐదేళ్ల వయసుల్లో వేయించే బూస్టర్లు దాని నుంచే కాపాడతాయి. పెద్దవారిలో నొప్పి లేకుండా ఒక టాన్సిల్ మాత్రమే వారాల తరబడి పెద్దదిగా ఉంటే, ముఖ్యంగా చుట్ట, పొగాకు అలవాటు ఉంటే, తప్పక చూపించాలి.

లంక గ్రామాల వారికి మరొక లెక్క ఉంది. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో పడవ దాటితే గాని ఆసుపత్రి లేదు, చీకటి పడితే పడవా ఉండదు. అందుకే అక్కడ పిల్ల గొంతును మధ్యాహ్నమే మరోసారి టార్చి వేసి చూడాలి, ఎన్ని గ్లాసులు తాగిందో, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లిందో లెక్క చూసుకోవాలి, అనుమానం ఉంటే పొద్దుండగానే రేవు దాటాలి.