పాస్‌పోర్ట్ మనది, వీసా వాళ్ళది

ప్రియమైన పిల్లలూ,

సెలవుల్లో అమ్మానాన్నలతో విదేశం వెళ్ళబోతున్నారని తెలిసి సంతోషించాను. చిన్నది ఫోన్‌లో అడిగిన ప్రశ్న మాత్రం అప్పటినుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. "తాతయ్యా, పాస్‌పోర్ట్ ఉందిగా, మళ్ళీ వీసా దేనికి?" అంది. అడగాల్సిన ప్రశ్నే. పెద్దవాళ్ళలో చాలామంది ఇది అడక్కుండానే ప్రయాణం కట్టేస్తారు. నేనూ అలా కట్టినవాణ్ణే. ఆ సంగతి కాసేపాగి చెబుతాను.

పాస్‌పోర్ట్ మన దేశం ఇస్తుంది. "ఈ మనిషి మావాడే, పేరు ఇది, పుట్టింది ఫలానా రోజున" అని మన ప్రభుత్వం పరాయి ప్రభుత్వానికి పూచీ పడుతుందన్నమాట. వీసా మనం వెళ్ళే దేశం ఇస్తుంది. "సరే, రండి. ఇన్నాళ్ళు ఉండండి, ఈ పని మీదే రండి" అని వాళ్ళ జవాబు. లాటిన్‌లో వీసా అంటే 'చూసినది' అని అర్థం. కాగితాన్ని అధికారి చూశాడనడానికి వేసే ముద్రే వీసా అయింది.

కొన్ని దేశాలు వీసా లేకుండానే రానిస్తాయి. కొన్ని విమానం దిగాక అక్కడే ఇస్తాయి, కొన్నింటికి ఇంట్లో కూర్చునే ఈ-వీసా తెచ్చుకోవచ్చు, కొన్నింటికి రాయబార కార్యాలయం చుట్టూ తిరగాలి. మనకు ఇందులో ఏది వర్తిస్తుందన్నది మన చేతిలో ఏ దేశపు పాస్‌పోర్ట్ ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. అదే విమానంలో మీ పక్క సీట్లో కూర్చున్నవాడికి ఒక నియమం, మీకు ఇంకో నియమం కావచ్చు. అందుకే "మా ఫ్రెండ్ వాళ్ళు వీసా లేకుండానే వెళ్ళొచ్చారు" అనే మాట నమ్మి టికెట్ కొనకూడదు.

ఈ చిన్న పుస్తకం రూపం మరీ పాతదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందున్న దేశాల కూటమి) పారిస్‌లో సమావేశం పెట్టి, పాస్‌పోర్ట్ అన్ని దేశాల్లో ఒకే తీరుగా ఉంటే మేలని అనుకుంది. మరి తమదని చెప్పుకునే దేశమే లేనివాళ్ళ మాటేమిటి? వాళ్ళకు పూచీ ఎవరు పడతారు? నార్వేకు చెందిన ధ్రువయాత్రికుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ చొరవతో 1922 నుంచి అలాంటి శరణార్థులకు ప్రత్యేక పత్రం ఇచ్చారు. దాన్ని నాన్సెన్ పాస్‌పోర్ట్ అనేవారు. మీ పాస్‌పోర్ట్‌ను బల్ల మీద విసిరేసేటప్పుడు ఈ సంగతి గుర్తొస్తే బాగుండును.

ఇప్పుడు మీ పాస్‌పోర్ట్ తెచ్చుకుని ఫొటో ఉన్న పేజీ తెరవండి. అడుగున రెండు వరుసల్లో అక్షరాలు, అంకెలు, బాణం ములుకుల్లాంటి గుర్తులు ఉన్నాయా? ఒక్కో వరుసలో సరిగ్గా 44 ఉంటాయి, లెక్కపెట్టండి. అది మెషిన్ చదవడానికి పెట్టిన భాగం. మాంట్రియల్‌లో ఉన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఈ పద్ధతిని నిర్ణయించింది. అందుకే ఏ దేశం పాస్‌పోర్ట్‌నైనా ఏ దేశం మెషిన్ అయినా చదవగలదు. ఆ ములుకులు ఖాళీని నింపడానికే, ఇంకే రహస్యమూ లేదు.

అసలు సరదా రెండో వరుసలో ఉంది. అందులో పుట్టినతేదీ ఏడాది, నెల, రోజు వరుసలో ఆరంకెలుగా ఉంటుంది. దాని వెనకే ఏడో అంకె ఒకటి ఉంటుంది. అదెక్కడిదో చూద్దాం. ఒక పిల్లవాడు 2012 మే 9న పుట్టాడనుకోండి, 120509 అవుతుంది. ఆ అంకెల్ని వరుసగా 7, 3, 1, మళ్ళీ 7, 3, 1తో గుణించి కూడితే 7, 6, 0, 35, 0, 9 కలిపి 57 వస్తుంది. చివరి అంకె 7. తేదీ పక్కన ఉండేది అదే. మెషిన్ ఒక అంకెను తప్పు చదివిందనుకోండి, లెక్క కుదరదు, వెంటనే తెలిసిపోతుంది. పాస్‌పోర్ట్ నంబరుకీ, గడువు తేదీకీ కూడా ఇలాంటి కాపలా అంకెలున్నాయి.

అట్ట మీద దీర్ఘచతురస్రం, దాని మధ్యలో గుండ్రం ఉన్న గుర్తు కనబడితే లోపల చిప్ ఉందని అర్థం. మీ ఫొటో అందులో కూడా ఉంటుంది. ఫొటోలో నవ్వొద్దంటారని పెద్దాడు అలిగాడట. మెషిన్ మీ ముఖాన్ని ఆ ఫొటోతో పోల్చి చూస్తుంది, పళ్ళు బయటపెట్టి నవ్వితే ముఖం కొలతలు మారతాయి. అంతకుమించి మీ నవ్వు మీద ఎవరికీ కోపం లేదురా.

ఇక నా కథ. చాలా ఏళ్ళ క్రితం ఒక సమావేశానికి వెళ్ళాలి. టికెట్ ఉంది, పెట్టె సర్దాను, పాస్‌పోర్ట్‌కు ఇంకా నాలుగు నెలల గడువుంది. ప్రయాణం వారం రోజులే కదా అని ధీమా. టికెట్ కొనిపెట్టినాయన కూడా "ఏం ఫర్వాలేదు సార్" అన్నాడు. చెక్-ఇన్ కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్ట్ తిప్పి చూసి, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, "మీరు వెళ్ళే దేశానికి ఆరు నెలల గడువు ఉండాలండీ" అంది. నేను బతిమాలాను, కాస్త గొంతు పెంచాను కూడా. లాభం లేకపోయింది. పెట్టె దొర్లించుకుంటూ ఇంటికి వచ్చేశాను. తప్పు ఆ అమ్మాయిది కాదు. సరైన కాగితాలు లేని మనిషిని తీసుకెళ్తే విమాన సంస్థే జరిమానా కట్టి, అతన్ని వెనక్కి తేవాల్సి వస్తుంది. అందుకే మొదటి తనిఖీ పరదేశంలో కాదు, ఆ కౌంటర్ దగ్గరే జరుగుతుంది.

ఈ ఆరు నెలల నియమం చాలా దేశాల్లో ఉంది. యూరప్‌లోని షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో అన్నింట్లో తిరగనిచ్చే దేశాల కూటమి) తిరిగి వెళ్ళే రోజు తర్వాత 3 నెలల గడువు అడుగుతాయి, పాస్‌పోర్ట్ గత 10 ఏళ్ళలో ఇచ్చినదై కూడా ఉండాలి. అక్కడ మామూలు సందర్శకులు ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కే.

వీసా మీద చివరి తేదీ చూసి మోసపోకండి. కొన్ని దేశాల్లో అది లోపలికి అడుగు పెట్టడానికి ఆఖరి రోజు, ఎన్నాళ్ళు ఉండాలో అక్కడి అధికారి వేరేగా చెబుతాడు. ఇంకొన్నింట్లో ఆ తేదీకల్లా బయటపడాలి. 'సింగిల్ ఎంట్రీ' అని ఉంటే, పక్క దేశం చూసొద్దామని సరిహద్దు దాటారా, మళ్ళీ రానివ్వరు. దారిలో విమానం మారే దేశానికి కూడా ట్రాన్సిట్ వీసా అవసరమేమో నాన్నను చూడమనండి.

ఇంకొక మాట. చేతిలో వీసా ఉన్నా తలుపు తీసేది ఇమ్మిగ్రేషన్ అధికారే. ఎందుకొచ్చారు, ఎక్కడుంటారు, ఎప్పుడెళ్తారు అని అడుగుతాడు. టెన్షన్ పడకుండా అడిగినంతవరకే, నిజమే చెప్పండి. అక్కడ జోకులు వద్దు, ముఖ్యంగా పెద్దాడికి చెబుతున్నాను.

నాన్న ఆఫీసు పనివల్ల ఆలస్యంగా వస్తాడేమో అన్నారు. అలాగైతే, పిల్లల్ని అమ్మ తీసుకెళ్ళడానికి తనకు సమ్మతమేనని ఆయన సంతకంతో ఒక ఉత్తరం దగ్గర ఉంచుకోండి. కొన్ని దేశాలు తప్పకుండా అడుగుతాయి, పిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోకుండా ఉండటానికి.

ఈ ఉత్తరం చదవడం అవగానే నలుగురి పాస్‌పోర్టుల గడువు తేదీలు చూసి నాకు రాయండి. పిల్లల పాస్‌పోర్టుల గడువు చాలా దేశాల్లో పెద్దవాళ్ళ వాటికన్నా తక్కువ, ముఖాలు త్వరగా మారిపోతాయి కదా. అలాగే మీ పుట్టినతేదీల పక్కనున్న కాపలా అంకెలు ముందు చూడకుండా లెక్కకట్టి పంపండి. చిన్నదానికి గుణకారాలు కుదరకపోతే పెద్దాడు సాయం చేయాలి, జవాబు మాత్రం చెప్పేయకూడదు.

మీ
తాతయ్య