అన్నీ 10 నానోసెకన్లే

గుంటూరులో బీటెక్ చదువుతున్న మా మేనల్లుడు మొన్న శనివారం ఫ్రెండ్ బండి వెనక కూర్చుని, సీపీయూని ఒళ్లో పెట్టుకుని విజయవాడ వచ్చాడు. "మావయ్యా, ర్యామ్ స్టిక్కర్ మీద 3200 అని ఉంది. టాస్క్ మేనేజర్ 2666 చూపిస్తోంది. నకిలీది అంటగట్టారా?" అని వాడి టెన్షన్. పక్క మూత తీసి చూశాం. ఐ3-10100 ప్రాసెసర్, హెచ్510 మదర్‌బోర్డు, 8 జీబీ స్టిక్ ఒకటి. పక్కన రెండో స్లాటు ఖాళీ.

ర్యామ్ మంచిదే. ఆ ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన ర్యామ్ వేగం హద్దు 2666. అది దాటాలంటే బోర్డు మీదున్న చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్, ఒప్పుకోవాలి. 2021లోనే వచ్చిన బీ560 ఒప్పుకుంటుంది, హెచ్510 ఒప్పుకోదు. కొనేటప్పుడు ఈ మాట వాడికి షాపులో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

అయితే వాడు పోగొట్టుకుంటున్నది అక్కడ కాదు. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిని ఛానెల్ అంటారు. అది ఒక్కో విడతకు 8 బైట్లు మోస్తుంది. 2666 అంటే సెకనుకు 266.6 కోట్ల విడతలు, అంటే సుమారు 21.3 జీబీ. 3200 అయితే 25.6. తేడా నాలుగు జీబీల పైచిలుకు. అదే ఖాళీ స్లాటులో ఇంకో స్టిక్ పెడితే ఏకంగా 42.6. ప్రకాశం బ్యారేజీ దగ్గర చూడండి. తూర్పు కాలువలు కృష్ణా జిల్లా వైపు, పశ్చిమ కాలువ గుంటూరు వైపు ఒకేసారి పారతాయి. డ్యూయల్ ఛానెల్ అంటే అదే. వాడికి గ్రాఫిక్స్ కార్డు కూడా లేదు. తెర మీద బొమ్మ గీసే పనికీ ఈ ర్యామే దిక్కు.

ఇంకో సంగతి ఉంది. కాలువ ఎంత వెడల్పు చేసినా, లాకులెత్తిన రోజే శివారు భూములకు నీరందదు. ర్యామ్‌లో ఆ ఎదురుచూపును సీఎల్ అనే అంకె చెబుతుంది. అడిగాక మొదటి డేటా వచ్చేదాకా ఆగాల్సిన క్లాక్‌లు, అంటే ర్యామ్ గడియారం టిక్కులు అవి. సీఎల్‌ని 2000తో గుణించి, ర్యామ్ వేగంతో భాగిస్తే నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతులు) వస్తాయి. డీడీఆర్, డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు, పక్కనున్న అంకె వేగం. 2003 నాటి డీడీఆర్-400, సీఎల్ 2: 10 నానోసెకన్లు. డీడీఆర్4-3200, సీఎల్ 16: 10. డీడీఆర్5-6000, సీఎల్ 30: మళ్లీ 10! డీడీఆర్5-4800, సీఎల్ 40 అయితే 16.7, పాతదానికంటే ఆలస్యం. ఛానెల్ మోసే డేటా 3.2 జీబీ నుంచి 48కి, అంటే 15 రెట్లు పెరిగింది. మొదటి జవాబు మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నమ్మలేక రెండుసార్లు సరిచూసుకున్నాను.

కారణం ర్యామ్ పుట్టుకలోనే ఉంది. ఒక్కో బిట్టు ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. అది ఎంత బలహీనమంటే, పొడవాటి తీగ మీదికి వదిలి, పెద్దది చేస్తే గానీ సున్నానో ఒకటో తెలియదు. కెపాసిటర్లు చిన్నవయ్యే కొద్దీ ఎక్కువ ఇరికించారు గానీ, ఈ చదివే పని పెద్దగా వేగం పుంజుకోలేదు. అందుకే ప్రాసెసర్ లోపలే కాష్, అంటే చిన్నదైనా చాలా వేగంగా అందే మెమరీ, పెంచుతున్నారు. ఏఎండీ 2022లో 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌కి 96 ఎంబీ ఎల్3 కాష్ ఇచ్చింది. పని అందులోనే సర్దుకుంటే ర్యామ్ 3200 అయినా 3600 అయినా పెద్ద తేడా కనిపించదు.

చిప్‌సెట్ల పోటీకి అసలు రోజులు వేరు. అప్పట్లో ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ చిప్‌సెట్‌లోనే ఉండేది. ఏఎండీ ప్రాసెసర్ అథ్లాన్ ఎక్స్‌పీకి ఎన్విడియా చిప్‌సెట్ ఎన్‌ఫోర్స్2 రెండు ఛానెళ్లు ఇచ్చింది, వయా కంపెనీ చిప్‌సెట్ కేటీ600 ఒక్కటే. లెక్కకు 6.4 జీబీ, 3.2 జీబీ. కానీ చిప్‌సెట్ నుంచి ఆ ప్రాసెసర్‌కి వెళ్లే డేటా దారి (బస్) మోసేదే 3.2. రెట్టింపు లాభం కాగితం మీదే మిగిలింది. 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ, 2008లో నెహాలెమ్ ప్రాసెసర్లతో ఇంటెల్ ఆ కంట్రోలర్‌ని ప్రాసెసర్‌లోకి తెచ్చేశాయి. అప్పట్నుంచి ర్యామ్ విషయంలో చిప్‌సెట్ చేతిలో మిగిలింది, హద్దు దాటనివ్వాలా వద్దా అన్న అనుమతి.

సాయంత్రం గవర్నర్‌పేట వెళ్లి, అదే సీఎల్ ఉన్న 8 జీబీ స్టిక్ ఇంకోటి తెచ్చి రెండో స్లాటులో నొక్కాం. టాస్క్ మేనేజర్ ఇప్పటికీ 2666 అనే చూపిస్తోంది. వాడి కారు రేసు గేములో మలుపు దగ్గర బొమ్మ ఆగడం మాత్రం బాగా తగ్గింది.